పాత దస్తావేజులు, తాటాకులు, కైఫీయతులు: తరచుగా అడిగే ప్రశ్నలు

అటక మీది ట్రంకుపెట్టె దించినప్పుడో, పెద్దాయన పోయాక బీరువా సర్దినప్పుడో ఒక కాగితాల కట్ట బయటపడుతుంది. అది చదివి పెట్టమని చుట్టాలు, స్నేహితులు, వాళ్ల స్నేహితులు నన్ను అడుగుతుంటారు. అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఇందులో ఉన్నది ఎక్కువగా 1800 నుంచి 1950 మధ్య తెలుగు జిల్లాల్లో పుట్టిన కాగితాల గురించి. రాతి శాసనాల సంగతి వేరు. తొలి తెలుగు శాసనంగా చెప్పే, క్రీ.శ. 575 ప్రాంతపు కలమళ్ల శాసనం చదవాలంటే లిపే వేరుగా నేర్చుకోవాలి.

ఇది తెలుగే అంటున్నారు. మరి నేను ఒక్క ముక్క కూడా ఎందుకు చదవలేకపోతున్నాను?

మీకు అలవాటైంది అచ్చు తెలుగు. ఆ కాగితం రాసిన కరణం (ఊరి లెక్కలు రాసే ఉద్యోగి) అచ్చు పుస్తకం చూసి అక్షరాలు దిద్దినవాడు కాదు. కలం ఎత్తకుండా ఒక అక్షరం తోకను పక్క అక్షరం తలకట్టుకు ముడివేస్తూ పోయాడు. దీన్నే గొలుసుకట్టు అంటారు. పదానికీ పదానికీ మధ్య ఖాళీ ఉండదు. వాక్యం ఎక్కడ ముగిసిందో చెప్పే చుక్క ఉండదు. పంక్తి చివర చోటు అయిపోతే పదం మధ్యలోనే విరిగి కింది పంక్తిలోకి దిగుతుంది.

భాష మాత్రం మీరు భయపడేంత కష్టం కాదు. ఎవరైనా పైకి చదివి వినిపిస్తే సగానికి పైగా మీకే అర్థమవుతుంది. అందుకే మొదట కంటిని అలవాటు చేయాలి, నిఘంటువు తర్వాత.

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

మొదటి పంక్తి నుంచి మాత్రం కాదు. మీకు ముందే తెలిసిన మాటలు అందులో ఎక్కడున్నాయో వెతకండి. ఊరి పేరు, ఇంటి పేరు, తాతల పేర్లు, తాలూకా పేరు తప్పకుండా ఉంటాయి. వాటిని గుర్తుపడితే ఆ చేతిరాతలో పది పదిహేను అక్షరాలు మీ చేతికి వచ్చినట్టే. వాటిని ఒక కాగితం మీద వరుసగా గీసుకోండి. ఒక్కో కరణానికి ఒక్కో పట్టిక కావాలి. ఒకరి ‘శ’ ఇంకొకరి ‘క’లా ఉండడం మామూలే.

తర్వాత అలవాటు వాక్యాలు వెతకండి. దస్తావేజులన్నీ ఇంచుమించు ఒకే మూసలో నడుస్తాయి. తేదీ, ‘ఫలానా వారికి ఫలానా వారు వ్రాయించి యిచ్చిన క్రయ దస్తావేజు యేమనగా’, సొమ్ము ముట్టిన సంగతి, భూమి వివరం, నాలుగు దిక్కుల హద్దులు, హక్కుల వల్లింపు, సాక్షులు, రాసినవాడి వ్రాలు (సంతకం). ఈ మూస తెలిస్తే తర్వాత ఏ మాట రావాలో ముందే ఊహించవచ్చు. ఇక్కడే ఒక ప్రమాదం కూడా ఉంది. రావాల్సిన మాటను కన్ను లేనిచోట కూడా చూస్తుంది. అందుకే రెండుసార్లు రాసుకోమంటాను. మొదటి ప్రతిలో కనబడింది కనబడినట్టే, పంక్తికి పంక్తి. అనుమానం ఉన్నచోట ప్రశ్నార్థకం, చిరిగిన చోట చుక్కలు. రెండో ప్రతిలో పదాలు విడదీసి, నేటి వర్ణక్రమంలో. మొదటి ప్రతి లేకుండా నేరుగా రెండోది రాసేవాళ్లు తమ ఊహకూ కాగితంలో ఉన్నదానికీ తేడా తెలియని స్థితిలో పడతారు. నేనూ పడ్డాను.

ఇన్ని అక్షర దోషాలేమిటి? కరణానికి తెలుగు రాదా?

వచ్చు. ఆయన పలికినట్టు రాశాడు. ‘యిచ్చిన’, ‘యీ దినం’, ‘వొప్పుకుని’, ‘వుండే’ ఇవన్నీ మన నోట్లో ఇప్పటికీ ఉన్నవే. సున్న తర్వాత అక్షరానికి ఒత్తు పెట్టడం (‘అంద్దుకు’, ‘పంట్ట’) ఆనాటి అలవాటు. కొన్ని చేతిరాతల్లో ‘ఎ’కీ ‘ఏ’కీ, ‘ఒ’కీ ‘ఓ’కీ తేడా కనిపించదు. మహాప్రాణాల ఒత్తులు ఒకచోట ఉంటాయి, ఇంకోచోట ఉండవు.

ఎక్కువమంది తడబడేది వలపల గిలక దగ్గర. ‘ధర్మము’ను ‘ధమ౯ము’ అని రాసేవారు. అంటే ‘ర’ పొల్లును ముందు రాయకుండా, తర్వాతి అక్షరానికి కుడిపక్కన గిలకగా పెట్టేవారు. కొత్తవాళ్లు దాన్ని తొమ్మిది అంకె అనుకుని లెక్కల్లో కలిపేస్తారు.

‘శాలివాహన శకం 1765 శోభకృత్ నామ సంవత్సరం’ అంటే ఇంగ్లీషు లెక్కలో ఎప్పుడు?

శక సంవత్సరానికి 78 కలపండి. 1765కి 78 కలిపితే 1843. ఆ సంవత్సరం 1843 ఉగాది నుంచి 1844 ఉగాది దాకా నడుస్తుంది. కాబట్టి మాఘ, ఫాల్గుణ మాసాల తేదీ అయితే 1844లోకి వెళ్తుంది. మార్గశిరం, పుష్యం దగ్గర డిసెంబరా జనవరా అన్నది పంచాంగం చూసి తేల్చాల్సిందే.

శకం రాయకుండా సంవత్సరం పేరొక్కటే రాసినప్పుడు అసలు తంటా. ఆ పేరు 60 ఏళ్లకోసారి తిరిగి వస్తుంది. ‘నందన’ అంటే 1832, 1892, 1952, 2012. వీటిలో ఏదో తేల్చడానికి కాగితంలోనే ఆధారం వెతకాలి. స్టాంపు మీద ఎవరి బొమ్మ ఉంది? విక్టోరియా అయితే ఇంచుమించు 1901కి ముందు ముద్రించిన కాగితమే. ధర వరహాల్లో ఉందా, రూపాయల్లోనా? సర్వే నంబరు ఉందా? ఇలా ఒక్కో అవకాశం కొట్టేసుకుంటూ రావాలి.

ఊళ్లో పెద్దవాళ్లు కరువుల్ని కూడా ఈ పేర్లతోనే గుర్తుపెట్టుకున్నారు. 1832-33లో గుంటూరు సీమను ఊడ్చేసింది నందన కరువు. 1876లో మొదలై రాయలసీమను కాల్చింది ధాత కరువు. ‘కరువు కాలంలో కుటుంబ పోషణ నిమిత్తం’ అని అమ్మకానికి కారణం రాసి, పైన ధాత నామ సంవత్సరం అని ఉంటే, ఆ కాగితం ఎలాంటి రోజుల్లో పుట్టిందో మీకు ఇక చెప్పక్కర్లేదు.

తిథి, వారం రెండూ ఉంటే ఇంకా మంచిది. ‘శు’ అంటే శుద్ధం, ‘బ’ అంటే బహుళం. ఇందువారం సోమవారం, భౌమవారం మంగళవారం, సౌమ్యవారం బుధవారం, భృగువారం శుక్రవారం, మందవారం లేదా స్థిరవారం శనివారం. తిథీ వారమూ పాత పంచాంగంతో సరిపోలితే మీరు లెక్కించిన సంవత్సరం నిలబడినట్టు. పాత తేదీలకు ఎల్.డి. స్వామికన్ను పిళ్లై గారు కట్టిన పట్టికలు పరిశోధకులు నేటికీ వాడతారు.

మా కాగితం మీద 1289 అని స్పష్టంగా ఉంది. అంత పాతదా?

ఒకాయన నాకు ఇలాంటిదే చూపించి, ‘రుద్రమదేవి పోయిన ఏడాది కాగితమండీ’ అన్నారు. కింద చూస్తే స్టాంపు ముద్ర! అది క్రీస్తుశకం కాదు, ఫసలీ. మొగలుల కాలంలో శిస్తు వసూలు పంటల్ని బట్టి నడవాలని ఏర్పడిన సంవత్సరం. ‘ఫసల్’ అంటే పంట. ఫసలీకి 590 కలపండి. 1289కి 590 కలిపితే 1879. మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాల్లో ఫసలీ జూలై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. అందుకని ఫసలీ 1289 అంటే 1879 జూలై నుంచి 1880 జూన్ వరకు. ఆంధ్రలో అడంగళ్ల మీద నేటికీ ఈ లెక్కే చూస్తారు, 1435 ఫసలీ 2025 జూలైలో మొదలైంది.

నిజాం రాజ్యంలో ఫసలీ నెలలే వేరు. అక్టోబరు మొదటి వారంలో ఆజూర్‌తో మొదలై దై, బహ్మన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ, ఉర్దీబెహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహ్రివర్, మెహెర్, ఆబాన్ దాకా నడుస్తాయి. ‘ఖుర్దాద్ 1340 ఫసలీ’ అంటే సుమారుగా 1931 ఏప్రిల్. అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలపాలి. ఖమ్మం వైపు కుటుంబాల పెట్టెల్లో రెండు రకాల ఫసలీలూ కలిసి ఉంటాయి. సరిహద్దుకు అవతల పొలం, ఇవతల ఇల్లు. అక్కడ ఏ కాగితం ఏ సర్కారుదో ముందు తేల్చుకోండి.

అంకెల పక్కన నిలువు గీతలు, అడ్డ గీతలు ఉన్నాయి. కొట్టివేతలా?

దయచేసి అలా అనుకోకండి. డబ్బంతా ఆ గీతల్లోనే ఉంది. అవి తెలుగు భిన్నాల గుర్తులు. మన పాత లెక్క నాలుగుతో విభజిస్తూ పోతుంది. మొదట నాలుగో వంతు, దానిలో నాలుగో వంతు అంటే పదహారో వంతు, దానిలో నాలుగో వంతు అంటే అరవైనాలుగో వంతు. మొదటి మెట్టుకు నిలువు గీతలు, రెండో మెట్టుకు అడ్డ గీతలు, మూడో మెట్టుకు మళ్లీ నిలువు గీతలు.

౹ అంటే పావు, ౺ అంటే అర, ౻ అంటే ముప్పావు. ౼ అంటే వీసం, అంటే పదహారో వంతు. ౽ రెండు వీసాలు, ౾ మూడు వీసాలు. రూపాయికి పదహారు అణాలు కాబట్టి వీసం రూపాయి అంటే సరిగ్గా ఒక అణా. ఇప్పుడు ‘౫౹౽’ చూడండి. అయిదు రూపాయలు, పావు (నాలుగు అణాలు), రెండు వీసాలు (రెండు అణాలు). మొత్తం అయిదు రూపాయల ఆరణాలు. గీతలు వదిలేసి ‘అయిదు రూపాయలు’ అని చదివినవాళ్లు ఎంతమందో!

అరవైనాలుగో వంతును ‘కానీ’ అంటారు. రూపాయిలో అది పావు అణా. 1943 నుంచి 1947 దాకా మధ్యలో బెజ్జంతో వచ్చిన నాణెం ఇదే, ‘చేతిలో చిల్లికానీ లేదు’ అనే మాటలో ఉన్నది ఈ కానీయే. ‘వీసమెత్తు’ కూడా ఈ లెక్కలోంచి వచ్చిన మాటే.

ఈ గుర్తులు యూనికోడ్‌లో ఉన్నాయి కాబట్టి ప్రతి టైపు చేసేటప్పుడు వాటినే వాడండి. మీ ఫోన్‌లో డబ్బాలుగా కనిపిస్తే ఫాంటు మార్చాలి.

పొలం ‘రెండు పుట్ల ఏదుము’ అని ఉంది. ఎన్ని ఎకరాలు?

ఎకరాల్లో చెప్పమని పట్టుబట్టకండి. పుట్టి, తూము అసలు ధాన్యం కొలతలు. నాలుగు కుంచాలు ఒక తూము, అయిదు తూములు ఏదుము, పది పందుము, ఇరవై తూములు ఒక పుట్టి. అన్ని గింజలు చల్లడానికి పట్టే నేల కాబట్టి నేలకూ అదే పేరు. కుంచమే ఊరికొక రకంగా ఉండేది, నేలసారం మరో రకం. అందుకే ఒక జిల్లా పుట్టి ఇంకో జిల్లా పుట్టి కాదు. మీ ఊరి సర్వే జరిగాక రాసిన కాగితంలో అదే పొలం ఎకరాలు, సెంట్లలో దొరికితే అప్పుడు పోల్చుకోండి. అంతకుమించి నమ్మదగ్గ దారి లేదు.

వరహాలు, హాలీ సిక్కా అంటే ఏమిటి?

మద్రాసు వైపు 1818 దాకా లెక్కలు వరహాల్లో నడిచాయి. వరహాకు మూడున్నర రూపాయలు కట్టి రూపాయిల్లోకి మార్చారు. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైసలు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేదాకా అంతే. అణాకు పన్నెండు వచ్చే ఆ పైస, తర్వాత రూపాయికి నూరు వచ్చే పైస ఒకటి కావు.

హాలీ సిక్కా నిజాం రూపాయి. ఇంచుమించు ఏడు హాలీ రూపాయలు ఆరు ఇంగ్లీషు రూపాయలకు సమానం. తెలంగాణ కాగితాల్లో ‘కల్దార్’ అని ఉంటే అది ఇంగ్లీషు రూపాయి.

‘నిధి నిక్షేప జల పాషాణ’ అని ఉంది. మా పొలంలో నిధి ఉందా?

లేదండీ. ఈ ప్రశ్న నవ్వుతూ అడిగేవాళ్లు కొందరు, గునపం కొనుక్కొచ్చి అడిగేవాళ్లు కొందరు. ‘నిధి నిక్షేప జల పాషాణ అక్షిణి ఆగామి సిద్ధ సాధ్యములనే అష్టభోగాలు’ అన్నది శాసనాల కాలం నుంచి నడిచిన మూస. నిధి అంటే పాతిపెట్టిన సొమ్ము, నిక్షేపం దాచిన సొమ్ము, జలం నీళ్లు, పాషాణం రాయీ ఖనిజమూ, అక్షిణి ఇప్పుడున్న ఫలం, ఆగామి ముందు రాబోయే ఫలం, సిద్ధం ఇప్పటికే సాగులోకి వచ్చింది, సాధ్యం ఇకమీదట సాగు చేయగలిగింది. ‘ఇందులో ఏది దొరికినా, ఏది పండినా నాకు సంబంధం లేదు, అన్నీ నీవే’ అని అమ్మినవాడు చెప్పడం. మూడు కుంటల చెరకు తోట అమ్మినా కరణం ఇదంతా వల్లిస్తాడు. ‘ఆచంద్రార్కం’, ‘పుత్రపౌత్ర పారంపర్యం’, ‘దాన వినిమయ విక్రయాలకు యోగ్యం’ ఇవీ అంతే. మూసకూ విషయానికీ తేడా తెలిస్తే ఒక పేజీ కాగితంలో నిజంగా చదవాల్సింది ఏడెనిమిది పంక్తులే మిగులుతుంది.

ఉర్దూ, పార్సీ మాటలు ఎక్కువగా ఉన్నాయి. ఎలా?

కచేరీ భాష అదే కదా. తెలియని మాటతో పెద్ద ఇబ్బంది లేదు, నిఘంటువులో చూస్తారు. సి.పి. బ్రౌన్ ఇలాంటి మాటల కోసమే 1854లో విడిగా ఒక మిశ్రభాషా నిఘంటువు అచ్చు వేయించాడు. అసలు తలనొప్పి తెలిసిన మాటతోనే. తెలుసనుకుని ముందుకు వెళ్లిపోతాం.

‘రాజీనామా’ చూడగానే ఉద్యోగం మానేశాడని చదువుతాం. కోర్టు కాగితంలో అది ఇరుపక్షాలు రాజీపడి రాసుకున్న పత్రం. రెవిన్యూ కాగితంలో రైతు భూమి వదులుకుంటూ ఇచ్చిన పత్రం. నాకు తెలిసిన ఒక కుటుంబంలో ముత్తాత మునసబు ఉద్యోగం వదిలేశాడని రెండు తరాలు చెప్పుకున్నారు. పాపం ఆయన వదిలింది శిస్తు కట్టలేని రెండెకరాల మెట్ట. ‘కట్టుబడి’ అంటే మాట మీద నిలబడడం కాదు, ఇనాం భూమి మీద సర్కారుకు కట్టే తక్కువ పన్ను. ‘మేర’ హద్దు కావచ్చు, కళ్లంలో వృత్తిపనివాళ్లకు కొలిచిచ్చే ధాన్యపు వాటా కూడా కావచ్చు. చుట్టూ ఉన్న మాటల్ని బట్టి తేల్చుకోవాలి.

‘మజ్కూరు’, ‘సదరు’ అంటే పైన చెప్పిన. ‘లగాయతు’ అంటే మొదలుకొని. ‘మొజే’ అంటే గ్రామం, అది ఊరి పేరులో భాగం కాదు. ‘ముచ్చలికా’ అంటే ఫలానా పని చేస్తానని రాసిచ్చిన ఒప్పుదల. ‘వల్ద్’ అంటే కొడుకు అని.

‘కాపులు’ అని ఉంది. మా కులం ఇదేనని రుజువు చేస్తుందా?

ఒక్క ఆ మాటతో చేయదు. పాత గ్రామ లెక్కల్లో ‘కాపులు కరణాలు’ అంటే చాలాచోట్ల సాగుచేసే రైతులు, లెక్క రాసేవాళ్లు అని. రెడ్డి, కరణం, నాయుడు కూడా ఒకచోట కులం, ఒకచోట పదవి, ఒకచోట గౌరవం. ఇప్పటి అర్థాన్ని పాత కాగితంలోకి ఎక్కించడం తేలిక. కులాల విషయంలో అయితే గొడవలకూ దారితీస్తుంది. ఆ కాగితాల్లో కొన్ని కులాల వారిని పిలిచిన తీరు ఇప్పుడు చదవడానికే కష్టంగా ఉంటుంది. మొదటి ప్రతిలో ఉన్నది ఉన్నట్టే ఉంచండి. మీ వివరణలో మాత్రం ఆ మాట వాడనక్కర్లేదు.

మా తెలంగాణ కాగితం మొత్తం ఉర్దూలోనే ఉంది. ఉర్దూ వచ్చినవాళ్లూ చదవలేమంటున్నారు.

అది శికస్తా రాత. మాటకే ‘విరిగినది’ అని అర్థం. చుక్కలు వదిలేసి, అక్షరాలు విరిచి వేగంగా రాసే పద్ధతి. చుక్కలు లేని ఉర్దూ అంటే గుణింతాలు లేని తెలుగు అనుకోండి. పైగా సొమ్ము మొత్తాలు కొన్నిచోట్ల మామూలు అంకెల్లో కాకుండా ‘రఖం’ గుర్తుల్లో ఉంటాయి. పాత తహసీలు కచేరీల్లోనో, కోర్టుల్లోనో పనిచేసి రిటైరైన పెద్దలను వెతుక్కోండి. కాలేజీలో ఉర్దూ సాహిత్యం చదివినవారికంటే వాళ్లకే ఇది ఎక్కువగా తెలుస్తుంది.

సంతకం చోట నాగలి బొమ్మ ఉంది. ఇది చెల్లుతుందా?

చెల్లింది. రాత రానివాళ్లు పెట్టే గుర్తును నిశాని అంటారు. అడ్డగీత, ఇంటూ గుర్తు, నాగలి, తర్వాతి కాలంలో వేలిముద్ర. పక్కనే ‘ఫలానా వారి నిశాని’ అని కరణం రాసి ఉంటాడు.

మా ఇంట్లో మూడు దస్తావేజులు, మూడింట్లోనూ ధర 99 రూపాయలే. ఏమిటీ విచిత్రం?

నూరు రూపాయలు, ఆ పైన విలువైన స్థిరాస్తి అమ్మితే రిజిస్ట్రీ తప్పనిసరి. తొంభైతొమ్మిది అయితే అక్కర్లేదు. ఇక మీకే అర్థమైపోయిందనుకుంటాను. అందుకని అలాంటి ధరను చూసి ‘ఆ రోజుల్లో ఎకరం ఇంతే’ అని చరిత్ర రాయకండి.

తాటాకుల మీద అక్షరాలే కనిపించడం లేదు.

ఘంటంతో గీసిన గాట్లలో మసి రాలిపోయి ఉంటుంది. ఆకును పడేయకండి, వంచకండి. ముందు ఏటవాలు వెలుతురులో ఫొటో తీయండి. టార్చిలైటు పక్కనుంచి పడితే గాట్ల నీడ తేలుతుంది. నిమ్మగడ్డి నూనె రాసి, దీపపు మసి పూసి తుడవడం పాత పద్ధతే కానీ, పెళుసెక్కిన ఆకు మీద మొదటిసారి చేతివాటం చూసుకోవద్దు. తెలిసినవాళ్లతో చేయించండి. కాగితాలకైతే సెలోటేపు, లామినేషన్ రెండూ శత్రువులు. చెదల కంటే ఎక్కువ కాగితాలు సెలోటేపుకే పోవడం చూశాను.

ఫొటో తీసి యాప్‌లో పెడితే చదివేయదా?

అచ్చు పుస్తకమైతే బాగానే చదువుతుంది. గొలుసుకట్టు దగ్గర తడబడుతుంది. తడబడితే ఫరవాలేదు, అర్థం కానిచోట నమ్మకంగా ఏదో ఒక మాట పెట్టేస్తుంది. అదే టెన్షన్. పేర్లు, అంకెలు యాప్ చెప్పినవి ఒక్కటీ సరిచూడకుండా తీసుకోకండి.

మా ఊరి చరిత్ర కోసం ఎక్కడ వెతకాలి?

ముందు కైఫీయతులు చూడండి. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కల్నల్ కాలిన్ మెకంజీ, ఆయన దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఊరూరా కరణాల చేత రాయించి పోగుచేసిన వృత్తాంతాలివి. బ్రౌన్ వాటికి ప్రతులు తీయించాడు. చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో మెకంజీ సేకరణ ఉంది. చాలా కైఫీయతులు అచ్చయ్యాయి కూడా. చదివేటప్పుడు ఒకటి గమనించండి. కరణం తన కాలం సంగతి, తాతల నాటి సంగతి చెప్పినప్పుడు గట్టిగా ఉంటుంది. ‘త్రేతాయుగమందు’ అని ఎత్తుకున్నప్పుడు అది ఊరి నమ్మకం. దానికీ విలువ ఉంది, తేదీగా మాత్రం కాదు. మాన్యాలకు హక్కు చెప్పుకోవాల్సిన అవసరం కూడా ఆ రాతల వెనక చాలాసార్లు ఉండేది.

1953కు ముందు ఆంధ్ర జిల్లాల సర్కారీ కాగితాలు చాలావరకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. నిజాం కాలానివి హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో. రిజిస్టరు అయిన దస్తావేజుకు నకలు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో దొరకవచ్చు. దాంట్లో రాత వేరే గుమాస్తాది కాబట్టి, మీ కాగితంలో చదవలేని మాట నకలులో తేలిగ్గా దొరికిపోతుంది.

ఈ కాగితం పట్టుకుని భూమి అడగవచ్చా?

అది వకీలును అడగండి. 30 ఏళ్లు దాటి, ఉండాల్సినవారి దగ్గరే ఉన్న దస్తావేజును కోర్టు నిజమైనదిగా భావించే వీలుంది. కానీ కాగితం నిజమైనది కావడం వేరు, భూమి నేటికీ మీది కావడం వేరు. మధ్యలో ఎన్ని అమ్మకాలు, ఎన్ని చట్టాలు వచ్చాయో చూడాలి.

చదవడం అయిపోయింది. ఇప్పుడేం చేయాలి?

రెండు ప్రతులూ, ఫొటోలూ ఒకే కవరులో పెట్టండి. కవరు మీద పెన్సిలుతో ఊరు, ఎవరు ఎవరికి రాసింది, ఫసలీ లేదా నామ సంవత్సరం, పక్కనే ఇంగ్లీషు సంవత్సరం రాయండి. ఎవరు చదివారో కూడా రాయండి, తప్పుంటే ఎవరిని అడగాలో రేపటివాళ్లకు తెలుస్తుంది. అసలు కాగితాన్ని మళ్లీ పాత మడతల్లోనే మడవకండి, అక్కడే తెగుతుంది. ఇంట్లో ఎనభై దాటినవాళ్లుంటే ఆ హద్దుల పంక్తి పైకి చదివి వినిపించండి. ‘తూర్పు చింతచెట్టు, దక్షిణం దిబ్బ’ అనగానే ఆ చింతచెట్టు ఎక్కడుండేదో వాళ్లు చెప్పేస్తారు. అది కూడా కవరు మీద రాయండి.